మార్తా సిస్టర్ ముందస్తు విరమణ

అక్టోబర్ 12, ఆదివారం. అత్లోన్.

రోజీ మళ్ళీ ఫోన్ చేసింది. "అక్కా, ఎప్పుడొస్తన్నావు?" అదే మాట. ఆదివారం వస్తే చాలు, నేను చర్చికి తయారయ్యే లోపల దీని ఫోను మోగాల్సిందే. పాపం, నేను లేక అక్కడ దానికి చేతులు ఆడటం లేదు. ఫిమేల్ సర్జికల్ వార్డంటే మాటలా? మార్తా సిస్టర్ డ్యూటీలో ఉందంటే డాక్టర్లే గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. రోజీ మంచి పిల్లే, సూది వేస్తే నొప్పి తెలియదు, కానీ నోరు లేదు. కాంట్రాక్టు నర్సు మాట ఆయాలు కూడా లెక్కచెయ్యరు.

మార్చి నెలాఖరుతో నా సెలవు పూర్తి. ఐదేళ్ళు. ఆ లోపల రేపల్లె వెళ్ళి డ్యూటీలో చేరాలి. లేదంటే మూడు నెలల ముందే నోటీసిచ్చి స్వచ్ఛంద విరమణ తీసుకోవాలి. రెండూ చెయ్యకుండా ఇక్కడే కూర్చుంటే ఉద్యోగం వదిలేసినట్టే లెక్క. ఇరవయ్యేళ్ళ సర్వీసు కృష్ణలో కలిసిపోతుంది.

వెళ్తాను. ఇందులో ఆలోచించేదేముంది? మా ఆయన పోయాక నాదంటూ మిగిలింది ఆ పోస్టు ఒక్కటే. వెళ్ళి నా కుర్చీలో నేను కూర్చుంటాను.

అక్టోబర్ 13, సోమవారం

వాన. బస్సు దిగి నేను చూసుకునే పెద్దాయన ఇంటికి నడిచేసరికి మోకాళ్ళ దాకా తడిసిపోయాను. నన్ను చూసి "గ్రాండ్, గ్రాండ్, లోపలికి రా" అన్నాడు. ఈ ఐరిష్‌వాళ్ళ దేశంలో మనిషి మునిగిపోతున్నా గ్రాండ్ అనే అంటారు.

అక్టోబర్ 21, మంగళవారం

ఈ రోజు పెద్దాయనతో పోట్లాట. రెండేళ్ళ నుంచి ఆయనకు స్నానం చేయిస్తున్నాను, ఓట్స్ కాచి పెడుతున్నాను, ఒక్కనాడు మాటా మాటా అనుకోలేదు. తొంభై నాలుగేళ్ళ మనిషి, కాళ్ళు చచ్చుబడ్డాయి కానీ బుర్ర మాత్రం పాదరసం. గడ్డం గీస్తుంటే అడిగాడు, ఏమిటి మార్తా, నిన్నటి నుంచి నీ మొహం అదోలా ఉంది అని. చెప్పాను. సెలవు అయిపోతోంది, పోకపోతే ఉద్యోగం తీసేస్తారు అని.

"ఏ అధికారంతో?" అన్నాడు.

"అంటే?"

"నిన్ను తీసెయ్యడానికి వాళ్ళకు అధికారం ఎక్కడి నుంచి వచ్చింది? ఏ చట్టం? ఏ నిబంధన?"

"నాకేం తెలుసు మిస్టర్ కార్మొడీ? రూలు అంతే."

"రూలు చదవకుండా ఇరవయ్యేళ్ళు సర్కారు ఉద్యోగం చేశావా!"

నాకు ఒళ్ళు మండింది. నేను చదివింది రోగుల నాడి, రూళ్ళు కాదు అన్నాను. కత్తి బుగ్గ మీద ఉందన్న సంగతి కూడా మరిచిపోయి పకపకా నవ్వాడు. తర్వాత ఉన్నట్టుండి అన్నాడు: "నేను ముప్పయ్యో ఏట రిటైరయ్యాను. నేను ఆ చట్టం మూడుసార్లు చదివాను."

ముప్పయ్యో ఏట రిటైరవ్వడమేమిటి? పెద్దతనం. రేపటి నుంచి ఆయన నీళ్ళు సరిగ్గా తాగుతున్నాడో లేదో చూడాలి.

అక్టోబర్ 28, మంగళవారం

లైబ్రరీకి వెళ్ళి మా సర్వీసు నిబంధనలు పెద్దక్షరాల్లో ప్రింటు తీయించి పట్టుకెళ్ళాను. ఎందుకంటే పెద్దాయన పోరు పడలేక. అంతే.

భూతద్దం పెట్టుకుని పైకి చదివాడు. మా నాన్న కీర్తనలు చదివేవాడే, అలా, ఒక్కో మాట దగ్గరా ఆగి ఆగి. మధ్యలో కుర్చీ చెయ్యి మీద చరిచాడు. "ఇది మావాళ్ళ రాత! ఎక్కడున్నా గుర్తుపడతాను!" నిజమేనట. మా సెలవు రూళ్ళన్నీ తెల్లవాళ్ళు ఉన్నప్పటివేనట, మనవాళ్ళు అటూ ఇటూ మార్చి వాడుకుంటున్నారట. ఈయన కూడా ఆ ఇంగ్లీషువాళ్ళ కిందే పనిచేశాడు, ఆఫ్రికాలో. టాంగన్యీకా అనేవాళ్ళట అప్పుడు. జిల్లా ఆఫీసరు. నేను ఇన్నాళ్ళూ స్కూలు మేష్టారనుకుంటున్నాను.

తర్వాత నన్ను చిన్నపిల్లను కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి చెప్పాడు. ఐదేళ్ళు దాటితే వాళ్ళు నిన్ను తీసెయ్యడం వాళ్ళకున్న అధికారం. ఇరవయ్యేళ్ళు నిండాయి కాబట్టి నువ్వే నోటీసిచ్చి వెళ్ళిపోవడం నీకున్న హక్కు. ఆ నోటీసు కూడా అమల్లోకి వచ్చే తేదీ లోపల వెనక్కి తీసుకోవడానికి అడగొచ్చు, ఇదిగో, ఇక్కడ గీత పెడుతున్నాను. "రెంటికీ ఫలితం ఒకటే, మనిషి ఇంట్లో కూర్చుంటాడు. కానీ మార్తా, తనంతట తాను లేచి వెళ్ళడం వేరు, లేపితే వెళ్ళడం వేరు."

నేను లేచీ వెళ్ళను, లేపించుకునీ వెళ్ళను, చక్కగా వెళ్ళి చేరతాను అని చెప్పాను. "గ్రాండ్" అన్నాడు. కానీ నమ్మినట్టు లేడు.

నవంబర్ 2, ఆదివారం

రోజీ. "అక్కా, ఎప్పుడొస్తన్నావు? టికెట్టు తీసుకున్నావా?" ఈసారి మాట బాగా లోగొంతుకలో వచ్చింది. జలుబేమో అన్నాను. కాదంది. నేను లేని బెంగ దానికి. వచ్చేటప్పుడు దానికి మంచి స్వెట్టరు ఒకటి తేవాలి అనుకుని, రేపల్లెలో స్వెట్టరు ఏం చేసుకుంటుందని నాలో నేనే నవ్వుకున్నాను.

సాయంత్రం మా అమ్మాయి జెస్సికా ఫోను. అది హైదరాబాదులో అత్తమామలతో ఉంటుంది, రెండు గదుల ఇల్లు, ఇద్దరూ సాఫ్ట్‌వేరు, పొద్దస్తమానం మీటింగులు. వచ్చేస్తున్నానే అని చెప్పాను.

"వచ్చి ఎక్కడుంటావమ్మా?"

"ఎక్కడుంటానేమిటి? రేపల్లెలో."

"మన ఇల్లు ఖాళీ చేసేశాం కదమ్మా. ఒక్కదానివే మళ్ళీ అద్దెకు తీసుకుని... నైట్ డ్యూటీలు... నీకిప్పుడు యాభై రెండు. అక్కడే ఉండొచ్చు కదా, అక్కడ నీకు అలవాటైపోయింది."

అలవాటైపోయింది. సరే. దాని మాటలో తప్పేం లేదు. నా మంచి కోరే చెప్పింది. నాకు కోపం కూడా రాలేదు.

నవంబర్ 3, సోమవారం

కోపం వచ్చింది.

నవంబర్ 18, మంగళవారం

పెద్దాయన ఈ రోజు తిండి దగ్గర మొత్తం చెప్పాడు. సూపు చల్లారిపోయి రెండుసార్లు వేడిచేశాను. రాసి పెట్టుకుంటాను, ఎందుకో తెలియదు.

ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చేటప్పుడు లండన్ నుంచి ఒక ఉత్తర్వు వచ్చిందట. రాణిగారి పేరు మీద, సభలో చేసిన ఉత్తర్వు. బయటి దేశం నుంచి వచ్చిన ఆఫీసర్లు ఎవరైనా సరే, వయసుతో పని లేకుండా, ఉద్యోగం పోయినందుకు పరిహారం తీసుకుని ముందే విరమించుకోవచ్చు. ఉండాలనుకుంటే ఉండొచ్చు కూడా. ఈయనకు అప్పటికి ముప్పై. మిగతావాళ్ళంతా సంచులు సర్దుకుంటుంటే ఈయన ఏడాది పాటు అటూ ఇటూ ఊగాడు. ఆ ఊరంటే ప్రాణం. ఆఫీసులో సలీము అని హెడ్ గుమాస్తా, చాలా నెమ్మదస్తుడు. ప్రతి శుక్రవారం ఫైళ్ళు పెట్టి, తలుపు దగ్గర ఆగి, "ఎప్పుడు వెళ్తున్నారు దొరా?" అని అడిగేవాడట. ఈయన గుండె కరిగిపోయేది. నన్ను వదల్లేక పోతున్నాడు, వీడి కోసమైనా ఉండిపోవాలి అనుకునేవాడు.

"చివరికి వెళ్ళేటప్పుడు రైలు దగ్గర ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మళ్ళీ సోమవారం నుంచి నా కుర్చీలో అతను కూర్చున్నాడు. నాకా సంగతి తెలిసింది ఏడాది తర్వాత."

సూపు గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టాను.

"పన్నెండేళ్ళు ఆ ఆఫీసు నడిపింది అతనే. ఏడాదిగా అతను అడుగుతున్నది, నా కుర్చీ ఎప్పుడు ఖాళీ చేస్తావు అని. పాపం, ఇంకెలా అడగగలడు?"

ఇక్కడికి వచ్చాక ఏమైందని అడిగాను. పొలం అప్పటికే అన్న చేతికి పోయింది. తల్లి తలుపు తీసి, ఎన్నాళ్ళుంటావు అని అడిగిందట. ఇంగ్లీషువాళ్ళతో పోరాడి విడిపోయిన దేశమట ఇది, వాళ్ళ కొలువు చేసి వచ్చినవాడని ఊళ్ళో ఎవరూ ముఖం మీద ఏమీ అనలేదు, పక్కకు తిరిగి వెళ్ళేవాళ్ళు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు స్కూల్లో భూగోళం చెప్పాడు, తను చూసిన ఊరి పేరు మాత్రం పాఠంలో ఒక్కసారి కూడా ఎత్తలేదట. "ఆ ఉత్తర్వు మూడుసార్లు చదివాను మార్తా. వెళ్ళొచ్చు అని ఉంది. ఎక్కడికో లేదు."

గిన్నెలు కడుగుతుంటే వెనక నుంచి అడిగాడు: "నీ కుర్చీలో ఇప్పుడు ఎవరు కూర్చున్నారు?"

నవంబర్ 19, బుధవారం

పెద్దాయనకు పనీపాటా లేదు. తనకు జరిగిందే అందరికీ జరుగుతుందనుకుంటాడు. రోజీ నా చేతి కింద పెరిగిన పిల్ల. దానికి బ్యాండేజి చుట్టడం నేర్పింది నేను. మొగుడు తాగొచ్చి కొడితే మా ఇంట్లో పడుకోబెట్టుకున్నది నేను.

నవంబర్ 20, గురువారం

దాని చెయ్యి మెత్తన. మొదటి నుంచీ నాకన్నా మెత్తన.

నవంబర్ 23, ఆదివారం

ఫోను రాకముందే నేనే చేశాను. ఉన్నదున్నట్టు రాస్తాను.

"రోజీ, నేనొచ్చి చేరితే నీ సంగతేమిటే?" అన్నాను.

వినపడనట్టు "ఆఁ?" అంది.

"నిన్నే అడిగేది."

"నేనెళ్ళిపోతానక్కా. నీ సెలవు ఖాళీలోనే కదా నన్ను పెట్టింది. నువ్వు చేరిన రోజే నాకు ఆకరు రోజు."

"నేను రాకపోతే?"

"నువ్వు రిటైరయితే ఆ పోస్టు క్లియర్ ఖాళీ అయిద్దంట. అప్పుడు నన్ను పర్మనెంట్ చేసే దారుందని ఆఫీసులో చెప్పారు. నాకు నలభై మూడక్కా. ఇదిపోతే ఇంకోసారి రాదు."

నాకు చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. ఐదేళ్ళుగా ప్రతి ఆదివారం నా నోట్లోంచి ఆ తేదీ లాగడానికా నువ్వు ఫోన్ చేసింది, దొంగమొహమా, నేను నాకోసం అనుకుని వెర్రిమొహం వేసుకుని మురిసిపోయానే అని అరిచాను. ఇంటివాళ్ళు తలుపు కొట్టి, ఎవ్రీథింగ్ గ్రాండ్? అన్నారు. గ్రాండ్ అన్నాను.

"మరెందుకే, ఎప్పుడొస్తన్నావు, ఎప్పుడొస్తన్నావు అని నా ప్రాణం తీశావు?"

"ఇంకేమని అడగాలక్కా?" అది ఏడుస్తోంది. "రాబాకని అడగనా? నీ అన్నం తిన్నదాన్ని, ఆ మాట నా నోటెంట ఎట్టా వచ్చిద్ది? నీ మీద పేమ లేదనుకోబాక. అదీ ఉంది, ఇదీ ఉంది."

ఫోను పెట్టేశాను. చర్చికి వెళ్ళలేదు.

నవంబర్ 30, ఆదివారం

రోజీ ఫోన్ చెయ్యలేదు. హాయిగా ఉంది.

డిసెంబర్ 7, ఆదివారం

చెయ్యలేదు. ఆదివారం ఇంత పొడుగుంటుందని ఇన్నాళ్ళూ తెలియలేదు. ఫోను బాగానే ఉందా అని జెస్సికాకు మిస్డ్ కాల్ ఇచ్చి చూశాను. మీటింగులో ఉన్నానమ్మా అని మెసేజ్ పెట్టింది. బాగానే ఉంది ఫోను.

డిసెంబర్ 14, ఆదివారం

డబ్లిన్‌లో తెలుగువాళ్ళ క్రిస్మస్ కూడిక. రైల్లో వెళ్ళి, లువాస్ ట్రామ్ ఎక్కి సిటీవెస్ట్‌లో దిగాను. హాలు నిండా నర్సులు, పట్టుచీరలు, బిర్యానీ వాసన. అబిగేయిల్ అనే అమ్మాయి, కొత్తగా వచ్చిందట, పక్కన కూర్చుని "ఆంటీ, మీరు ఏ హాస్పిటల్?" అని అడిగింది. హాస్పిటల్ కాదమ్మా, ఇళ్ళకు వెళ్తాను, కేరర్‌ని అన్నాను. "ఓహ్, నైస్" అంది. ఇండియాలో స్టాఫ్ నర్సుని, ఇంకా సర్వీసులోనే ఉన్నాను, సెలవులో ఉన్నాను అని చెప్పాను. ఆ పిల్ల అడగనే లేదు. దాని కూతురు జడ లాగి ఏదో ఇంగ్లీషులో అడుగుతుంటే అది అటు తిరిగింది. నేను మాత్రం ఇంకా చెబుతూనే ఉన్నాను, వార్డులో ఎన్ని మంచాలో కూడా.

తిరిగొచ్చేటప్పుడు రైలు అద్దంలో నా మొహం చూసుకుని సిగ్గేసింది. ఎవరిని బతిమాలుకుంటున్నావే నువ్వు?

డిసెంబర్ 22, సోమవారం

నోటీసు పంపాను. మార్చి 31 నుంచి స్వచ్ఛంద విరమణకు అనుమతించవలసిందిగా.

రోజీ కోసం కాదు. నా మోకాళ్ళ నొప్పులకు నైట్ డ్యూటీలు పడవు. జెస్సికా చెప్పింది నిజమే. అదీగాక ఇక్కడ పని ఉంది, పెద్దాయన ఉన్నాడు. నేను పోతే ఆయనకు మళ్ళీ కొత్త మనిషి, ఆయన ఓట్స్‌లో ఉప్పెంతో ఎవరికి తెలుస్తుంది?

పంపిన విషయం చెబితే ఆయన చెయ్యి చాపి షేక్ హ్యాండ్ ఇచ్చాడు. ఆఫీసర్లు ఇచ్చుకుంటారు చూడండి, అలా. "ఏ అధికారంతో?" అని అడిగాడు. "నా హక్కుతో" అన్నాను. అల్మారాలోంచి షెర్రీ సీసా తీయమన్నాడు. నేను ముట్టనని తెలిసి కూడా రెండు గ్లాసుల్లో పోయించి, నాది కూడా తనే తాగాడు.

డిసెంబర్ 25, గురువారం

క్రిస్మస్. బస్సులు లేవు. అన్నం, పప్పు. రోజీకి మెసేజ్ పెట్టాను: నోటీసు ఇచ్చాను, హ్యాపీ క్రిస్మస్. రెండు నీలం టిక్కులు పడ్డాయి.

చాలాసేపటికి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. అందులో మాటలు లేవు, ఏడుపే ఉంది. సంతోషానికి కూడా ఏడుపే, నోరు లేని పిల్ల.

జనవరి 16, శుక్రవారం

పెద్దాయన కూతురు నోరా వచ్చింది. కార్క్‌లో తన ఇంటి దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో గది దొరికిందట. ఈ వారాంతమే తీసుకెళ్తుందట. ఆవిడ తప్పేమీ లేదు, వారంవారం అంత దూరం నుంచి కారులో రాలేదు. నా చేతులు పట్టుకుని థాంక్యూ చెప్పింది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆమె పైన బట్టలు సర్దుతుంటే పెద్దాయన నన్ను దగ్గరకు పిలిచాడు. "ఏ అధికారంతో తీసుకెళ్తున్నావని అడిగాను. ప్రేమతో డాడీ అంది." దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుని, "ఆ చట్టానికి అప్పీలు లేదు మార్తా" అన్నాడు.

నవ్వాను. ఆయన నవ్వలేదు. గడ్డం మళ్ళీ ఒకసారి గీశాను, పొద్దున గీసిందే అయినా.

జనవరి 19, సోమవారం

ఏజెన్సీ ఫోను: గ్లాసన్ వైపు, పెద్దాయన ఊరికి, ఇక వెళ్ళనక్కర్లేదు, గురువారం నుంచి టౌన్‌లోనే ఒకావిడ. అలవాటు కొద్దీ బస్సెక్కేసి, సగం దూరం పోయాక గుర్తొచ్చి దిగాను.

జనవరి 25, ఆదివారం

కార్క్‌కు ఫోన్ చేశాను. ఎవరో ఫోను ఆయన చెవి దగ్గర పెట్టారు. ఆయనకు ఫోన్లో వినపడదు. హలో, హలో, హూ ఈజ్ దిస్ అంటూనే ఉన్నాడు. మార్తాని, మార్తాని అని నేనూ అరుస్తూనే ఉన్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

వెనక్కి తీసుకోవచ్చు. పెద్దాయన గీత పెట్టిన చోటు అదే. తేదీ లోపల అడగొచ్చు.

ఎవరి కోసం ఉన్నాను ఇక్కడ? కొత్తావిడ టీవీ చూస్తూ నన్ను లవ్ అని పిలుస్తుంది, నా పేరు ఇంకా నోరు తిరగలేదు. పెద్దాయన లేడు. అక్కడ నా పోస్టు ఇంకా నాదే. మార్చి ఆఖరు దాకా నాదే. రోజీకి వయసుంది, ఇంకెక్కడైనా దొరుకుతుంది. నేనేమైనా దానికి రాసిచ్చానా? ఐదేళ్ళు నా కుర్చీలో కూర్చుంది, చాలదా?

ఈమెయిల్ రాశాను. రేపు పంపుతాను.

ఫిబ్రవరి 9, సోమవారం

పొద్దున నెట్ సరిగ్గా లేదు.

ఫిబ్రవరి 12, గురువారం

పంపేముందు రోజీకి చెప్పాలి కదా. వెన్నుపోటు పొడిచే మనిషిని కాను. వచ్చే ఆదివారం నేనే చేస్తాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

చేశాను. రోజీ డ్యూటీలో ఉంది. "అక్కా!" అంది. రోజీ, ఒక మాట చెప్పాలే అన్నాను. చెప్పక్కా అంటూండగానే ఎవరో పిలిచారు. "ఉండక్కా, ఆపరేషనామెకు కట్టు తడిసింది, ఇప్పుడే వస్తా" అని ఫోను బల్ల మీద పెట్టి వెళ్ళింది.

రాలేదు. నేను పెట్టెయ్యలేదు. వార్డు వినపడుతోంది. ఫ్యాను కీచుమంటోంది, దాన్ని బాగుచెయ్యమని నేను ఎన్ని ఉత్తరాలు రాశానో. ట్రాలీ వెళ్ళింది. ఎవరికో మనవడు పుట్టినట్టున్నాడు, నవ్వులు. మధ్యలో రోజీ గొంతు. "ఎవరు నువ్వు? ఆ మంచం మీద కూచోబాకు, లే! మగోళ్ళంతా బయటికి! ఆయా, ఇక్కడ ఫినాయిలు ఎయ్యి. ఎయ్యమంటన్నా!" దానికి నోరెప్పుడొచ్చింది? ఆయా ఎదురు మాట్లాడకుండా బకెట్టు తెచ్చింది, చప్పుడు విన్నాను. ఎవరో ముసలామె నొప్పికి మూలుగుతుంటే రోజీ ఏదో చెప్పింది, నాకు వినపడనంత నెమ్మదిగా చెప్పింది, ఆ మూలుగు తగ్గింది.

ఎంతసేపు విన్నానో. నేను లేకుండా నా వార్డు బ్రహ్మాండంగా నడుస్తోంది. ప్రభువా, ఏం చెయ్యను, ఏడ్చాను. అసూయో, సంతోషమో, ఏదైతేనేం, కడుపులోంచి ఏడ్చాను. తర్వాత ఫోను పెట్టేసి ఆ ఈమెయిల్ తీసేశాను.

రోజీ తర్వాత చేసి, ఏదో చెప్పాలన్నావక్కా అంది. ఫ్యాను ఇంకా బాగుచేయించలేదేమే అన్నాను.

మార్చి 17, మంగళవారం

ఐరిష్‌వాళ్ళ దేశపు పండగ, ఊరంతా పచ్చబట్టలు. కిటికీలోంచి ఊరేగింపు చూశాను. ఉత్తర్వు వచ్చింది: అనుమతించడమైనది. ఒక్క వాక్యం.

మార్చి 31, మంగళవారం

రిటైరయ్యాను.

కొత్తావిడ పని ముగించుకుని షానన్ వంతెన మీదికి వచ్చేసరికి రోజీ వీడియో కాల్. అక్కడ సాయంత్రం, డ్యూటీ మారే వేళ. ఎత్తాను. ముందు ఏమీ కనపడలేదు, చీరలు, తలలు, మాటలు. తర్వాత ఫోను నిలకడగా పట్టుకున్నారు.

డ్యూటీ రూములో నా కుర్చీ. కుర్చీలో నా ఫోటో, పెద్దది చేయించి ఫ్రేము కట్టించింది. ఫ్రేముకు శాలువా కప్పారు. ఫోటోకు చామంతి దండ. ముందు బల్ల మీద కేకు. చుట్టూ అందరూ నిలబడి నా ఫోటో వైపు చూస్తున్నారు. ఆయా కోటేశ్వరి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

వంతెన మీద అందరూ తిరిగి చూసేలా అరిచాను. "ఒసే రోజీ! నేను చచ్చాననుకున్నారటే!"

అప్పుడు గానీ వెలగలేదు వాళ్ళకి. కోటేశ్వరి లబోదిబోమని లెంపలు వేసుకుంది. "అయ్యో, అపచారం, తియ్యండే దండ! బతికున్న మనిషికి!" సూపరింటెండెంటుగారు గోడ వైపు తిరిగి దగ్గారు, అది నవ్వని నాకు తెలుసు. రోజీ పరుగెత్తి దండ తీసేసి, దాన్ని చేత్తో పట్టుకుని బిక్కచచ్చి నిలబడిపోయింది.

"రిటైరైతే దండెయ్యాలి కదక్కా. ఎప్పుడూ మనిషి ఉంటది. మనిషి లేకుండా ఎట్టా ఎయ్యాలో మాకు తెలవలేదు" అని భోరుమంది.

నేను నవ్వాను. నవ్వీ నవ్వీ పక్కటెముకలు పట్టేశాయి, వంతెన రెయిలింగు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. నా నవ్వు చూసి వాళ్ళూ మొదలుపెట్టారు. చివరికి కోటేశ్వరే అంది, ఆ ఫోనుకెయ్యండమ్మా, మనిషి అందులో ఉంది కదా అని. వేశారు. నా తెర చుట్టూ చామంతులు, మధ్యలోంచి నా వార్డు. సూపరింటెండెంటుగారు రెండు మాటలు మాట్లాడారు, క్రమశిక్షణ, సేవ, ఎప్పుడూ చెప్పేవే. నాకు మాత్రం ఒక్కో మాటా గుచ్చుకుంది.

అయిపోయిందనుకున్నాను. రోజీ పెట్టెయ్యలేదు.

"ఇంటిదాకా దిగబెట్టాలి కదక్కా."

అది మా ఆసుపత్రి ఆనవాయితీ. రిటైరైన మనిషిని ఆ చివరి రోజు ఒంటరిగా పోనివ్వరు. అందరూ కలిసి వెంట నడిచి, గుమ్మం దాకా దిగబెట్టి, ఇంట్లోవాళ్ళకు అప్పగించి వస్తారు. నేనెంతమందిని దిగబెట్టానో.

"ఇక్కడికెట్టా వస్తారే, సముద్రాలు దాటి?"

"నువ్వు నడువక్కా. మేం ఎనకమాలే వస్తన్నాం."

నడిచాను. ఫోను ముందుకు పట్టుకుని, చర్చి పక్క నుంచి, కొట్ల ముందు నుంచి, మిట్ట ఎక్కి. వెనక నా వార్డంతా మాట్లాడుతోంది. ఎంత శుభ్రంగా ఉందే, మనుషులేరీ, అదేం గుడి సిస్టరమ్మా, చలికి ఎట్టా ఉంటన్నావు తల్లీ. ఒకాయన కుక్కను పట్టుకుని వెళ్తూ నాకు తలూపాడు, వాళ్ళంతా ఒక్కసారిగా ఆయనకు దణ్ణం పెట్టారు.

తలుపు ముందు ఆగాను.

"ఇదేనా అక్కా, మీ ఇల్లు?" రోజీ అడిగింది.

రూము అందామనుకున్నాను. ఐదేళ్ళుగా అలాగే అంటున్నాను. "ఇదే మా ఇల్లు" అన్నాను.

"ఎవరూ ఎదురు రాలేదేంది?" కోటేశ్వరి గొంతు. ఎవరో ఉష్ అన్నారు.

"పనులకెళ్ళారు" అన్నాను. తాళం నేనే తీశాను. లోపలికి వెళ్ళి, ఫోను తిప్పి వంటిల్లు చూపించాను, కిటికీ చూపించాను. బాగుందక్కా, బాగుంది సిస్టరమ్మా అన్నారు. ఇక వెళ్ళిరండే, చీకటి పడుతుంది మీకు అన్నాను.

"నువ్వు తలుపేసుకో అక్కా. నువ్వు తలుపేసుకునేదాకా మేం కదలం."

అదీ ఆనవాయితీయే. ఆడమనిషిని దిగబెట్టి, లోపల గడియ పడ్డ చప్పుడు విన్నాకే వెనుదిరగాలి. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. బయట వానజల్లు మొదలైంది. వేస్తే వాళ్ళు వెళ్ళిపోతారు. వాళ్ళు వెళ్ళిపోతే నేనింక ఆ వార్డు మనిషిని కాను. ఫోన్లో అంతమందీ నిలబడి నా వైపే చూస్తున్నారు, రోజీ ముక్కు తుడుచుకుంటోంది. డ్యూటీ టైమైంది దానికి.

తలుపు వేసి గడియ పెట్టాను, వాళ్ళకు వినపడేలా గట్టిగా. అప్పుడు వెళ్ళారు.